స్ట్రాటా యాజమాన్యం: న్యూ సౌత్ వేల్స్‌లో ఉమ్మడి భవన చట్టాల చరిత్ర

ఒకే నేలపై నిలిచిన భవనాన్ని అంతస్తులవారీగా, గదులవారీగా విడి భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ప్రభుత్వ రిజిస్టరులో స్వతంత్రమైన హక్కుపత్రం కల్పించి, మిగిలిన నేల, గోడలు, పైకప్పు, మెట్లు, లిఫ్టులు మొదలైనవాటిని యజమానులందరి ఉమ్మడి ఆస్తిగా ఒక సంఘం అధీనంలో ఉంచే చట్టబద్ధమైన ఏర్పాటును స్ట్రాటా యాజమాన్యం అంటారు. పొరలు అనే అర్థం గల లాటిన్ మాట నుంచి ఈ పేరు వచ్చింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1961లో చేసిన చట్టంతో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి సింగపూర్, మలేసియా, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వంటి ప్రాంతాలకు విస్తరించగా, పుట్టిన రాష్ట్రంలో నేడు 80 వేలకు పైగా భవన పథకాలు దీని కింద నడుస్తున్నాయి. ఈ చట్టానికి మొదటి నుంచి రెండు లక్ష్యాలున్నాయి: ఫ్లాటుపై తిరుగులేని హక్కు కల్పించడం ఒకటి, ఉమ్మడి ఆస్తిని నడిపించడం రెండవది. మొదటిది 1961లోనే చాలావరకు నెరవేరింది. ఆ తరువాత ఆరు దశాబ్దాలకు పైగా వచ్చిన చట్టాలు, సవరణలు, కోర్టు తీర్పులు ప్రధానంగా రెండవదాని చుట్టూనే తిరిగాయి.

పూర్వరంగం

నేల ఎవరిదో దానిపై కట్టడమూ వారిదేనన్నది రోమన్ న్యాయం నుంచి ఐరోపా అంతటా పాకిన సూత్రం. అయినా ఒకే ఇంటి అంతస్తులు వేర్వేరు యజమానుల చేతుల్లో ఉండటం ఐరోపా పట్టణాలకు కొత్త కాదు. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి 664వ అధికరణంలో, అలాంటి ఇళ్లలో ప్రధాన గోడలు, పైకప్పు మరమ్మతుల ఖర్చును ఎవరెవరు ఎలా భరించాలో నిర్దేశించింది. ఇంగ్లండు న్యాయవ్యవస్థ కూడా గాలిలో ఉన్న అంతస్తును విడిగా సొంతం చేసుకోవడాన్ని కాదనలేదు. అక్కడ చిక్కంతా మరమ్మతుల బాధ్యత దగ్గరే వచ్చింది. సొంత ఆస్తిని అమ్మేటప్పుడు కొనుగోలుదారు చేత రాయించుకున్న హామీలలో, డబ్బు ఖర్చుపెట్టి ఏదైనా చేయవలసిన హామీ అతని దగ్గర ఆ ఆస్తిని కొన్న తరువాతివారిని కట్టిపడేయదని 1885లో ఆస్టర్‌బెరీ వ్యాజ్యంలో కోర్టు తేల్చింది. దీనివల్ల కింది అంతస్తువాడు గోడ నిలబెట్టకపోయినా, పై అంతస్తువాడు కప్పు బాగుచేయకపోయినా అడిగే మార్గం రెండో కొనుగోలుతోనే మూసుకుపోయేది. ఇంగ్లండులో ఫ్లాట్లను సర్వహక్కులతో అమ్మకుండా దీర్ఘకాలిక లీజులుగా ఇవ్వడం స్థిరపడటానికి ఇదే ప్రధాన కారణం.

ఆస్ట్రేలియాకు ఈ ఇబ్బంది వారసత్వంగా వచ్చింది గాని, దాన్ని దాటే సాధనం కూడా అక్కడే పుట్టింది. దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ చొరవతో 1858లో వచ్చిన స్థిరాస్తి చట్టం, పాత దస్తావేజుల వరుసను వెనక్కు తవ్వి హక్కు నిరూపించుకునే అవసరాన్ని తొలగించి, ప్రభుత్వ రిజిస్టరులో పేరు నమోదు కావడమే హక్కుకు మూలమని, ఆ నమోదుకు ప్రభుత్వమే పూచీ అని ప్రకటించింది. టోరెన్స్ పద్ధతిగా పేరుపొందిన ఈ విధానం న్యూ సౌత్ వేల్స్‌లో 1863 ఆరంభం నుంచి అమలైంది. అయితే ఈ రిజిస్టరు నేలపై గీసిన హద్దులను మాత్రమే గుర్తించేది. మూడో అంతస్తులోని ఒక ఫ్లాటును చూపే దారి అందులో లేదు.

ఆ లోటును పూడ్చడానికి సిడ్నీ నగరంలో వాడుకలోకి వచ్చినది కంపెనీ హక్కు. భవనం మొత్తం ఒక కంపెనీ పేర ఉండేది. కొనుగోలుదారు ఆ కంపెనీలో నిర్ణీత వాటాలు కొంటే, ఫలానా ఫ్లాటులో నివసించే హక్కు ఆ వాటాలతో పాటు దక్కేది. మక్వారీ వీధిలో 1923లో పూర్తయిన ఆస్టర్ భవనం ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. కానీ చేతికి వచ్చేది స్థిరాస్తి కాక వాటాపత్రం కావడంతో బ్యాంకులు తనఖా రుణమివ్వడానికి వెనకాడేవి. ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని కాదనాలో డైరెక్టర్లు నిర్ణయించగలిగేవారు. కంపెనీ అప్పులపాలైతే అందరి ఇళ్లకూ ముప్పు ఉండేది. పొరుగున ఉన్న విక్టోరియా రాష్ట్రం 1960లో చేసిన చట్టం ఫ్లాటుకు విడి హక్కు ఇచ్చినా, ఉమ్మడి భాగాలను మళ్లీ ఒక సేవా కంపెనీ చేతిలోనే పెట్టింది.

1961 చట్టం

రెండో ప్రపంచ యుద్ధం తరువాత సిడ్నీలో జనాభా పెరిగి, నగర కేంద్రానికి దగ్గరలో ఫ్లాట్లకు గిరాకీ ఏర్పడినా, రుణం పుట్టని ఫ్లాటును మధ్యతరగతి కుటుంబం కొనలేకపోయేది. నెదర్లాండ్స్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన నిర్మాణ వ్యాపారి డిక్ డసెల్‌డార్ప్, 1958లో తాను స్థాపించిన లెండ్ లీజ్ సంస్థ తరఫున, ఈ చిక్కు విప్పే కొత్త చట్టం కోసం ప్రభుత్వంతో పట్టువిడవకుండా ప్రయత్నించాడు. రాబర్ట్ హెఫ్రన్ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వ హయాంలో ఆమోదం పొందిన ఆస్తి బదిలీ (స్ట్రాటా హక్కుల) చట్టం 1961 జూలై 1న అమల్లోకి వచ్చింది.

ఈ చట్టంలోని కీలకం స్ట్రాటా ప్లాను. సర్వేయరు భవనంలోని ప్రతి అంతస్తునూ కొలిచి, ఒక్కొక్క విడి భాగాన్ని లాట్‌గా గుర్తించి గీసిన పటాన్ని, స్థానిక కౌన్సిల్ ఆమోదంతో రిజిస్టరు చేయించగానే మూడు పనులు ఒక్కసారిగా జరిగిపోయేవి: ప్రతి లాట్‌కూ టోరెన్స్ పూచీ గల విడి హక్కుపత్రం పుట్టేది, లాట్లలో చేరనిదంతా ఉమ్మడి ఆస్తి అయ్యేది, లాట్ యజమానులందరూ సభ్యులుగా ఒక న్యాయబద్ధమైన సంఘం, విడిగా దరఖాస్తు ఏదీ లేకుండా, దానంతట అదే ఏర్పడేది. బాడీ కార్పొరేట్ అని పిలిచిన ఈ సంఘంలో సభ్యత్వం ఫ్లాటుతోనే వస్తుంది, ఫ్లాటుతోనే పోతుంది. ఇష్టం లేదని మానుకునే వీలు లేదు. ఆస్టర్‌బెరీ తీర్పు నాటి చిక్కు ఇక్కడ తొలగింది. మరమ్మతుల భారం కొనుగోలు ఒప్పందంలోని హామీపై కాక చట్టంపై ఆధారపడటంతో, ఎన్ని చేతులు మారినా అది ఫ్లాటును వదిలిపోదు. హ్యారీ సీడ్లర్ రూపకల్పనలో లెండ్ లీజ్ 1962లో పూర్తిచేసిన బ్లూస్ పాయింట్ టవర్ ఈ తరం భవనాలలో పేరెన్నికగన్నది.

హద్దు మారిన తీరు

లాట్ ఎక్కడ ముగుస్తుంది, ఉమ్మడి ఆస్తి ఎక్కడ మొదలవుతుంది అన్నది పైకి చిన్న విషయంగా కనిపించినా, ఖర్చు ఎవరిదన్నది తేల్చేది అదే. 1961 చట్టం హద్దును గోడ, నేల, పైకప్పుల మధ్యగీతగా నిర్ణయించింది. అంటే రెండు ఫ్లాట్ల నడుమ ఉన్న గోడలో సగం ఇటువారిది, సగం అటువారిది. గోడ చీలినా, దాని నడుమ సాగే గొట్టం పగిలినా మరమ్మతు ఎవరి చేతుల మీదుగా జరగాలన్న తగవు దీనివల్ల తప్పలేదు. 1973లో వచ్చి 1974 జూలై 1న అమలైన స్ట్రాటా హక్కుల చట్టం హద్దును గోడ లోపలి ముఖానికి, నేల పైముఖానికి, పైకప్పు అడుగుముఖానికి జరిపింది. ఆనాటి నుంచి హద్దు గోడకు పూసిన రంగు ఫ్లాటు యజమానిది, రంగు కింది గోడ అందరిది; ఫ్లాటులోని విడిగోడలు మాత్రం యజమానివే.

స్నానాల గదిలో నీరు కారినప్పుడు ఈ నియమం ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. పై ఫ్లాటు స్నానాల గది నేలపై భవనం కట్టిననాడు పరచిన టైల్సు, వాటి కింద నీరు దిగకుండా వేసిన వాటర్‌ప్రూఫింగ్ పొర, దాని కింది శ్లాబు సాధారణంగా ఉమ్మడి ఆస్తే. కాబట్టి ఆ పొర పాడై కింది ఫ్లాటు కప్పు తడిస్తే, గది ఒకరి ఇంటి లోపల ఉన్నా, బాగుచేయించవలసినది సంఘమే. శ్లాబులోనో హద్దు గోడలోనో సాగే గొట్టం కూడా సంఘానిదే. ఫ్లాటు లోపలే ఉండి ఆ ఒక్క ఫ్లాటుకే ఉపయోగపడే గొట్టం యజమానిది. పై ఫ్లాటు యజమాని సంఘం అనుమతితో గదిని కొత్తగా కట్టించుకుని, ఆ భాగం నిర్వహణ తనదేనని నియమావళిలో ఒప్పుకుని ఉంటే మాత్రం బాధ్యత అతనిమీదకు మళ్లుతుంది. ఉమ్మడి ఆస్తిని బాగుచేయకుండా వదిలేసిన సంఘం నుంచి నష్టపరిహారం రాబట్టే వీలు లేదని 2013లో రాష్ట్ర అప్పీలు కోర్టు చెప్పగా, 2015 చట్టం ఆ హక్కును స్పష్టంగా కల్పించింది.

1973 నుంచి 2015 వరకు

తొలి చట్టం సంఘాన్ని సృష్టించిందేగాని, సభ్యులు తగవులాడుకుంటే తీర్చే వేదికను, పెద్ద మరమ్మతులకు డబ్బు కూడబెట్టే కట్టుబాటును తగినంతగా ఏర్పరచలేదు. 1973 చట్టం రోజువారీ ఖర్చులకు పరిపాలనా నిధిని, దీర్ఘకాలిక మరమ్మతులకు సింకింగ్ ఫండ్ అనే పొదుపు నిధిని వేరుచేసి, వివాదాల పరిష్కారానికి స్ట్రాటా కమిషనరు పదవిని నెలకొల్పింది. 1986లో లీజు నేలపై కట్టిన భవనాలకు, 1989లో పార్కులు, రోడ్లు ఉమ్మడిగా గల కాలనీలకు విడి చట్టాలు వచ్చాయి. 1996లో భవన విభజన సంగతులను, నిర్వహణ సంగతులను రెండు చట్టాలుగా విడదీసి, బాడీ కార్పొరేట్ పేరును ఓనర్స్ కార్పొరేషన్, అంటే యజమానుల సంఘం, అని మార్చారు. ఈ రెండింటినీ 2015లో పూర్తిగా తిరగరాయగా, కొత్త చట్టాలు 2016 నవంబరు 30న అమల్లోకి వచ్చాయి.

నిర్వహణ యంత్రాంగం

ప్రస్తుత చట్టం కింద స్ట్రాటా పథకం సొంత సభ, సొంత కార్యవర్గం, సొంత పన్ను, సొంత నియమాలు గల చిన్న పంచాయతీలా నడుస్తుంది. ప్రతి లాట్‌కూ దాని విలువను బట్టి యూనిట్ ఎంటైటిల్‌మెంట్ అనే వాటా సంఖ్య ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలో హక్కు, చెల్లించవలసిన నిర్వహణ రుసుము, వాటాల లెక్కన ఓటింగు జరపాలని ఎవరైనా కోరినప్పుడు ఓటు బరువు మూడూ ఆ సంఖ్యనుబట్టే నిర్ణయమవుతాయి. మామూలు తీర్మానం సాధారణ ఆధిక్యంతో నెగ్గుతుంది. నియమావళి మార్పు వంటి ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే పోలైన ఓట్ల విలువలో నాలుగో వంతుకు మించి వ్యతిరేకత ఉండకూడదు. సౌర ఫలకాలు, విద్యుత్ వాహనాల ఛార్జింగ్ వంటి ఏర్పాట్లకు 2021 నుంచి ఈ కట్టుబాటును సడలించి, వ్యతిరేకత సగానికి లోపు ఉంటే చాలన్నారు. రుసుము బకాయిపడ్డ యజమాని మామూలు, ప్రత్యేక తీర్మానాలపై ఓటు వేయలేడు. నెల దాటిన బకాయిపై ఏటా 10 శాతం వడ్డీ కూడా పడుతుంది.

ఏటా జరిగే సర్వసభ్య సమావేశం గరిష్ఠంగా తొమ్మిది మందితో స్ట్రాటా కమిటీని ఎన్నుకుని, పరిపాలనా నిధికి, సింకింగ్ ఫండ్‌కు 2015 చట్టం పెట్టిన కొత్త పేరైన మూలధన పనుల నిధికి ఆ ఏడాది ఎంత వసూలు చేయాలో నిర్ణయిస్తుంది. రాబోయే పదేళ్లలో ఎప్పుడు ఏ పని పడుతుందో, దానికెంత కావాలో అంచనా వేసిన ప్రణాళిక ప్రతి సంఘానికీ ఉండాలి. నిధి చాలకపోతే ప్రత్యేక వసూలు తప్పదు. భవనం మొత్తాన్ని తిరిగి కట్టగలిగే విలువకు బీమా చేయించడం కూడా సంఘం విధి. ఖాతాలు, నోటీసులు, వసూళ్ల పనిని చాలా సంఘాలు లైసెన్సు గల స్ట్రాటా మేనేజింగ్ ఏజెంటుకు అప్పగిస్తాయి. బీమా కంపెనీల నుంచి ఈ ఏజెంట్లు పొందే కమీషన్లు, తమ అనుబంధ సంస్థలకు ఇప్పించే పనులు విమర్శల పాలుకావడంతో, వాటి వివరాలు సంఘానికి వెల్లడించే నియమాలను 2024 సవరణ కఠినం చేసింది.

బిల్డరు ఆధిపత్యాన్ని అదుపుచేయడం ఈ చట్టాలలో మరో ముఖ్యాంశం. మొత్తం వాటా సంఖ్యలో మూడో వంతుకు సమానమైన లాట్లు అమ్ముడయ్యేదాకా సాగే ప్రారంభ కాలంలో సంఘాన్ని దీర్ఘకాలిక భారాలతో ముంచకుండా బిల్డరుపై ఆంక్షలుంటాయి. వాటాలో సగానికి పైగా తన చేతిలో ఉన్నంతకాలం అతని ఓటు విలువను మూడో వంతుకు కుదిస్తారు. ఒకే వ్యక్తి అనేకమంది తరఫున ప్రాక్సీ ఓట్లు పోగుచేసి సమావేశాలను శాసించకుండా, 20 లాట్లకు మించని పథకాలలో ఒక్కొక్కరికి ఒకే ప్రాక్సీ, అంతకన్నా పెద్దవాటిలో లాట్ల సంఖ్యలో 5 శాతానికి మించని ప్రాక్సీలు అని 2015 చట్టం పరిమితి పెట్టింది.

సొంత ఇల్లు, సంఘం నియమం

ఫ్లాటు యజమాని తన ఇంట్లో ఏమి చేయవచ్చన్న ప్రశ్నకు 2015 చట్టం మూడు మెట్ల సమాధానమిచ్చింది: గోడకు మేకు కొట్టడానికి, రంగు వేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, వంటగది మార్చడానికి, చెక్క నేల పరచడానికి మామూలు తీర్మానం కావాలి, నిర్మాణాన్ని, వాటర్‌ప్రూఫింగ్‌ను తాకే పనికి ప్రత్యేక తీర్మానం తప్పనిసరి. బైలా అనే ఉపనియమాల పరిధి ఎంతదాకా అన్నది 2020లో పెంపుడు జంతువుల వివాదంతో తేలింది. సిడ్నీ డార్లింగ్‌హర్స్ట్‌లోని హొరైజన్ భవన సంఘం జంతువులను పూర్తిగా నిషేధించగా, పొరుగువారి సుఖానికి ఏ భంగమూ కలిగించని జంతువును సైతం అడ్డుకునే అలాంటి నియమం అణచివేతతో కూడినదని, చెల్లదని రాష్ట్ర అప్పీలు కోర్టు తీర్పునిచ్చింది. మరుసటి ఏడాది చట్టం కూడా దానికి తగినట్లు మారింది.

ఆస్తి హక్కు, ఉమ్మడి నిర్ణయం నేరుగా ఢీకొన్నది సామూహిక విక్రయం దగ్గర. 2016 దాకా పాతబడ్డ భవనాన్ని మొత్తంగా అమ్మి కూల్చాలంటే దాదాపుగా యజమానులందరి అంగీకారం కావలసి వచ్చేది. ఒక్కరు కాదన్నా పని ఆగేది. కొత్త చట్టం 75 శాతం లాట్ల యజమానులు ఒప్పుకుంటే చాలని, ఒప్పుకోనివారి పక్షాన భూమి, పర్యావరణ న్యాయస్థానం ధర, పద్ధతి న్యాయంగా ఉన్నాయో లేదో పరిశీలించాలని నిర్దేశించింది. అప్పటికే ఉన్న సంఘాలకు మాత్రం, తాము ఓటు వేసి ఎంచుకుంటేనే ఈ విధానం వర్తిస్తుంది.

భవన లోపాల సంక్షోభం

2018 డిసెంబరు 24న సిడ్నీ ఒలింపిక్ పార్కులో అదే ఏడాది పూర్తయిన 392 ఫ్లాట్ల ఓపల్ టవర్‌లో కాంక్రీటు పగిలి నివాసులను ఖాళీ చేయించారు. ఆరు నెలలు తిరగకుండానే 2019 జూన్‌లో మాస్కట్ టవర్స్ కూడా పగుళ్లతో ఖాళీ అయింది. రెండు సంఘటనలూ ఒకే తీరువిగా కనిపించినా, యజమానుల స్థితి మాత్రం వేరు. పెద్ద లోపాలపై చట్టం ఇచ్చే పూచీ గడువు ఆరేళ్లు, ఇతర లోపాలపై రెండేళ్లు కాగా, 2008లో పూర్తయిన మాస్కట్ టవర్స్‌కు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఉమ్మడి ఆస్తి మరమ్మతు సంఘం విధి కాబట్టి, ఇంటికి దూరమైన యజమానులే ప్రత్యేక వసూళ్ల భారం మోయవలసి వచ్చింది. సంఘానికి అధికారంతో పాటు అపరిమితమైన బాధ్యతను కూడా అప్పగించిన 1961 నాటి ఏర్పాటులోని బరువు ఇక్కడ బయటపడింది.

నిర్మాణ ఒప్పందం విలువలో 2 శాతాన్ని బిల్డరు ముందుగా పూచీగా ఉంచే పద్ధతి 2018 ఆరంభంలోనే అమల్లోకి వచ్చింది. 2019లో ప్రభుత్వం రాష్ట్ర బిల్డింగ్ కమిషనరుగా డేవిడ్ చాండ్లర్‌ను నియమించింది; 2020లో చేసిన రెండు చట్టాలు లోపాలున్న భవనానికి నివాస అనుమతిని ఆపే అధికారాన్ని కమిషనరుకిచ్చి, నిర్మాణంలో పాల్గొన్నవారు తరువాతి యజమానులకు కూడా జాగ్రత్త వహించవలసిన బాధ్యతను చట్టబద్ధం చేశాయి.

వ్యాప్తి, తెలుగు రాష్ట్రాల ఏర్పాటు

క్వీన్స్‌లాండ్ 1965లో, పశ్చిమ ఆస్ట్రేలియా, బ్రిటిష్ కొలంబియా 1966లో, విక్టోరియా, సింగపూర్ 1967లో ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. మలేసియాకు 1985లో విడి స్ట్రాటా చట్టం వచ్చింది. అమెరికాలో ఇదే కాలంలో కాండోమినియం పేరుతో, దక్షిణాఫ్రికాలో 1971లో సెక్షనల్ టైటిల్ పేరుతో సమాంతరమైన పద్ధతులు రూపొందాయి.

భారతదేశంలో మహారాష్ట్ర 1970లో, కర్ణాటక 1972లో అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టాలు చేయగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం నేటికీ రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉంది. ఇక్కడ ఫ్లాటుతో పాటు నేలలో విభజించని వాటా, వాడుకలో యూడీఎస్ అనేది, దస్తావేజులో రాయించుకుని రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. అయితే ఆ రిజిస్ట్రేషన్ దస్తావేజుకే గాని హక్కుకు ప్రభుత్వ పూచీ కాదు. అందుకే కొనుగోలుదారు లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తిరగేయక తప్పదు. టోరెన్స్ రిజిస్టరు లేని ఈ తేడాకు తోడు, సంఘం పుట్టుకలోనూ తేడా ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో ప్లాను నమోదుతోనే సంఘం పుడుతుండగా, ఇక్కడ యజమానులు పూనుకుని సొసైటీగానో సహకార సంఘంగానో రిజిస్టరు చేసుకోవాలి. 2016 నాటి కేంద్ర రెరా చట్టం సంఘం ఏర్పాటుకు తోడ్పడటాన్ని, ఉమ్మడి భాగాలను దాని పేర బదలాయించడాన్ని బిల్డరు బాధ్యతగా చేసి, నిర్మాణ లోపాలకు ఐదేళ్ల పూచీ విధించింది.

సిడ్నీ పశ్చిమ శివార్లైన వెస్ట్‌మీడ్, పారమాట్టా ప్రాంతాలలో ఫ్లాట్లు కొన్న తెలుగు కుటుంబాలు ఈ రెండు పద్ధతులనూ ఎరుగుదురు. అక్కడ హక్కుపత్రం గురించిన బెంగ తక్కువ. కొనేముందు వారి న్యాయవాదులు తిరగేసేది సంఘం సమావేశాల మినిట్సు, నిధి నిల్వ, పదేళ్ల మరమ్మతుల ప్రణాళిక, సాగుతున్న వ్యాజ్యాల వివరాలు. ఫ్లాటు విలువను దాని నాలుగు గోడలతో సమానంగా సంఘం ఆరోగ్యమూ నిర్ణయిస్తుందన్న అవగాహన స్ట్రాటా చట్టాల అరవై ఏళ్ల అనుభవంతో అక్కడి మార్కెట్టులో స్థిరపడింది.